ఆదెమ్మ మానేసిన పాలు

ఆ రోజుల్లో జగ్గయ్యపేట మిషను బడి వెనక వీధిలో ఆదివారం పొద్దున చర్చి గంట మొదటిసారి మోగితే జనం లేచేవాళ్ళు కాదు. రెండోసారి మోగినా దుప్పటి తీసేవాళ్ళు కాదు. ఘల్లు ఘల్లుమని ఒక మువ్వ వీధి మలుపు తిరిగిందా, అప్పుడు మాత్రం "అమ్మో, ఆదెమ్మ వెళ్ళిపోతోంది, ఆలస్యమైపోయింది" అని నీళ్ళ బిందె కోసం పరుగెత్తేవాళ్ళు.

మువ్వ ఆదెమ్మది కాదు, ఆమె ముందు నడిచే కుక్కది. ఆదెమ్మ రెండు కళ్ళకీ పొర కమ్మింది. మనుషులు ఆమెకి దండెం మీద ఆరేసిన చీరల్లా కనపడేవాళ్ళు. రంగు తెలిసేది, మొహం తెలిసేది కాదు. కాలవలూ గుంటలూ అసలు తెలిసేవి కావు. అందుకని కుక్క మెడలో మువ్వ కట్టింది. అది మోగితే నడవాలి, ఆగితే ఆగాలి. ఎడ్లబండి అడ్డమొచ్చినా, ఎవరైనా నడివీధిలో మంచం వేసుకున్నా మువ్వ ఆగిపోయేది. మడత చీర కట్టుకుని, చేతిలో కర్ర కూడా లేకుండా, మహారాణిలా వెనకాల నడిచేది ఆదెమ్మ.

కుక్క పేరు దొర. పెట్టింది ఆదెమ్మే. కోడలి తమ్ముడు బుల్లిబాబు బస్సు కండక్టరు. నందిగామ, జగ్గయ్యపేటల మధ్య తిరిగే బస్సులో పనిచేస్తూ అక్క ఇంట్లోనే ఉండేవాడు. అతనే ఒకసారి కీసర నుంచి మామిడిపళ్ళ గంపలో కుక్కపిల్లని తెచ్చాడు. ఆదెమ్మ దాన్ని కళ్ళకి ఆనించుకుని చూసింది.

"తెల్లతోలు, ఎర్రముక్కు. ఎండకి తట్టుకోడు, మన తిండి పడి చావదు. వీడు దొర కాక ఇంకెవడు?" అంది.

నోటిమాట నిజమైంది. మూడో ఏడు దాటేసరికి దొర గోక్కోవడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడేవి, పొట్ట కింద బొచ్చు ఊడేది, పంజాలు నాకి నాకి పుండ్లు చేసుకునేవాడు. పైగా కడుపు ఏనాడూ సరిగ్గా ఉండేది కాదు. గంధకం కొబ్బరినూనెలో కలిపి రాశారు. వేపాకు మరిగించి పోశారు. దొర గోకుడికి అరుగు మీది మరచెంబు దానంతట అది నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చిందని బుల్లిబాబు బస్సులో అందరికీ చెప్పేవాడు. బుల్లిబాబు చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చెయ్యాలి. అలా చేసినా చెంబు ఒక జానెడు కదిలిందనే లెక్క.

ఆదెమ్మ కొడుకు శాంతయ్య మిషను బడిలో టీచరు. ఆ ఇంట్లో చదువుకున్న మొదటివాడు. ఆదెమ్మ ముప్పయ్యేళ్ళు రాఘవమ్మగారి పొలాల్లో కలుపు తీసింది, మిరపకాయ కోసింది, తెల్లారకముందే వెళ్ళి వాళ్ళ గొడ్లసావిట్లో పేడ తీసింది. భర్త పోయాక ఆ కూలితోనే కొడుకుని చదివించింది. కొడుకు మొదటి జీతం తీసుకున్న సాయంత్రం కొత్త చెంబు కొనుక్కుని తిన్నగా రాఘవమ్మగారింటికి వెళ్ళాడు. అరసోల గేదెపాలు పోయించుకొచ్చి, కాయించి, బెల్లం ముక్క వేసి తల్లి చేతికిచ్చాడు.

"ఇక నుంచి రోజూ తాగాలమ్మా. కళ్ళకి మంచిది, ఒంటికి బలం."

ఆదెమ్మకి పాలు పడవు. గ్లాసు ముక్కు దగ్గరికొస్తే ముప్పయ్యేళ్ళు పేడ తీసిన సావిడంతా ముక్కు దగ్గరికొచ్చినట్టుండేది. ఆ సాయంత్రం ఊపిరి బిగబట్టి తాగింది. పెరట్లోకి వెళ్ళి అంతా కక్కేసింది. అయినా చెప్పలేకపోయింది. కొడుకు అంత వెలిగిపోతూ నిలబడితే ఏ తల్లి చెబుతుంది? ఓ వారం తులసికోట లేని ఆ పెరట్లో కరివేపాకు మొక్క ఆ పాలు తాగింది. అంతలో గంపలో కుక్కపిల్ల వచ్చింది. పెరటి గుమ్మంలో మట్టి మూకుడొకటి పెట్టుకుని, అందులో గ్లాసు వంచేసి, మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చేది ఆదెమ్మ.

"తాగావా అమ్మా?"

"గ్లాసు చూడరా, ఒక్క చుక్క ఉందేమో" అనేది. అబద్ధమాడలేదని ఆమె ధైర్యం.

అలా ఐదేళ్ళు గడిచాయి. 1958లో లెంటు, అంటే ఈస్టరుకి ముందొచ్చే ఉపవాసాల రోజులు వచ్చాయి. నలభై రోజులూ ఎవరికి ఏది అన్నిటికంటే ఇష్టమో అది దేవుడి కోసం వదిలిపెట్టమన్నారు పాస్టరుగారు. శాంతయ్య మాంసం వదిలేశాడు. అతని భార్య కృపావతి గుడ్డు వదిలేసింది. బుల్లిబాబు రోజూ నందిగామ బస్టాండులో కొనుక్కునే బన్ను వదిలేశాడు. ఆదెమ్మ మంచం మీద కూర్చుని కాసేపు ఆలోచించింది. ఆమెకి నిజంగా ఇష్టమైనవి రెండే, జొన్నగటక, పచ్చి ఉల్లిపాయ. అవి మానేస్తే తినడానికి ఇంకేముంది?

"నేను పాలు మానేస్తానురా" అంది.

శాంతయ్య వెంటనే చెప్పులేసుకున్నాడు. ఆ మాట పాస్టరుగారి దాకా మోశాడు. ఆ ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, "చూపు కరువైన ఒక తల్లి, ముసలితనంలో తనకున్న ఒక్క సుఖాన్ని కూడా వదులుకుంది" అన్నారు. చర్చిలో సగం మంది ఆమె వైపు తిరిగారు. ఆదెమ్మ తలమీద ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది. సిగ్గుపడుతోందనుకున్నారు. సిగ్గే.

ఇక దొర సంగతి. మామూలు రోజుల్లో ఆ ఇంట్లో నలుగురూ తినేదాంట్లో మంచి ముక్క దొరదే. శాంతయ్య ఎముక వేసేవాడు, కృపావతి గుడ్డులో పచ్చసొన పెట్టేది, బుల్లిబాబు సగం బన్ను విసిరేవాడు. ఆదెమ్మ పోసే పాల సంగతి ఎవరికీ తెలియదు. లెంటులో అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. మిగిలిన జొన్నన్నం, పప్పుకట్టు తప్ప వాడికి గతి లేదు. మూడు వారాలకి గోకుడు తగ్గింది. ఈస్టరుకి ముందు వారం, మట్టల ఆదివారానికి పుండ్లు మాని, కొత్త బొచ్చు మొలిచి, మల్లెపువ్వులా తయారయ్యాడు. శాంతయ్య చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పాడు, ఇంటిల్లిపాదీ ప్రార్థించిన ఫలితమని.

ఈస్టరు వచ్చింది. పలావు, గుడ్లు, బన్ను, ఆదెమ్మ గ్లాసులో మీగడతో సహా పాలు. అన్నీ ఒక్కరోజే తిరిగొచ్చాయి. బుధవారానికల్లా దొర గోడకి ఒళ్ళు రాస్తూ మూలుగుతున్నాడు.

"ఈస్టరుకి ప్రభువు లేస్తే మీ సాక్ష్యం మంచాన పడిందండీ" అంది కృపావతి.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు వరప్రసాదరావుగారు అటు వచ్చారు. శాంతయ్య ఉండేది మిషను క్వార్టర్సులో. గోడకి ఇవతల కుక్క, అవతల బడిపిల్లలు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"శాంతయ్యగారూ, పిల్లలు దీని మీద పడి ఆడుకుంటారు. రేపు ఏ పిల్లవాడికి కురుపు లేచినా నన్నే అడుగుతారండి. జూన్ పదహారున బడి తెరుస్తాం. ఆ పొద్దున నేనే వచ్చి చూస్తా. ఒంటి మీద ఒక్క పుండు కనపడినా పంచాయతీ మనిషికి అప్పగించడమే. ఏమనుకోకండి."

పంచాయతీ మనిషి సంచీలో ఏం తెస్తాడో ఊళ్ళో కుక్కలకి తెలియదేమో కానీ మనుషులకి తెలుసు. ఆ మందు పెట్టిన ముద్ద తిన్న కుక్క తెల్లారి లేవదు.

ఆయన వెళ్ళాక ఆదెమ్మ దొర మెడ నిమురుతూ కూర్చుంది. కృపావతి వచ్చి పక్కన చేరింది.

"బాధపడకండి అత్తయ్యా. చర్చికి నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాగా."

"నువ్వు చెయ్యి పట్టుకుంటే నువ్వు వెళ్ళేచోటికి నేను రావాలమ్మా. దొరతో అయితే నేను వెళ్ళేచోటికి వాడొస్తాడు" అంది ఆదెమ్మ. "వాడు పోతే నా ఊరు ఈ గుమ్మం దాకానే."

మర్నాడే శాంతయ్య దొరని తీసుకుని నందిగామ ప్రయాణం కట్టాడు. అక్కడ పశువుల డాక్టరు దశరథరామయ్యగారికి మంచి పేరు. ఆదెమ్మ లేకపోతే దొర బస్సెక్కడు, కాబట్టి ఆమె కూడా ఎక్కింది. చిల్లకల్లు దగ్గర ఎక్కిన ఒక పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

"ఏమయ్యా కండక్టరూ, బస్సులో కుక్కేంటి?"

"కుక్క కాదండీ, దొర" అన్నాడు బుల్లిబాబు టిక్కెట్టు చింపుతూ. "కావాలంటే పిలిచి చూడండి, పలుకుతాడు."

"గోక్కుంటున్నాడేంటి?"

"ఊళ్ళోవాళ్ళ తిండి పడక సొంత దేశం వెళ్ళిపోదామని చూస్తున్నాడండీ. మొన్న గోకిన గోకుడికి మా బావగారి ఇంటి పునాది కనపడింది."

పెద్దమనిషి కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. నందిగామ వచ్చేదాకా దించలేదు.

దశరథరామయ్యగారు దొర చెవులు తిప్పి చూశారు, పంజాలు విడదీసి చూశారు, పొట్ట మీద గోటితో గీకి చూశారు.

"ఇది గజ్జి కాదు. ఎవరికీ అంటదు. తిండి పడట్లేదు. ఏం పెడుతున్నారు?"

"అన్నీ మంచివేనండి. మాంసం, గుడ్డు, బన్ను..." అన్నాడు శాంతయ్య.

"అదే రోగం. అన్నీ మంచివే, అన్నీ ఒకేసారి. వీడి ఒంటికి పడంది వాటిల్లో ఏదో ఒకటుంది."

"బెజవాడలో కుక్కల బిస్కట్లు డబ్బాల్లో అమ్ముతారటండి. అప్పు చేసైనా తెప్పిస్తా."

"డబ్బా మీద కుక్క బొమ్మ చాలా బాగుంటుంది మాస్టారూ. ఆ కుక్క ఆ బిస్కట్టు తిన్నదో లేదో మనకి తెలియదు. ఒక్క డబ్బా కొంటే మీ ఇంట్లో వారం పొయ్యి వెలగదు. ఖరీదైన తిండి వేరు, పడే తిండి వేరు." ఆయన ఆదెమ్మ వైపు తిరిగారు. "అమ్మా, బాలింతకి పథ్యం పెట్టడం ఎరుగుదువా?"

"ఎరగకపోవడమేంటయ్యా. మా వీధిలో అరవై పురుళ్ళకి నేనే పెట్టా."

"ఎలా పెడతావో చెప్పు."

"ముందు పాతబియ్యం అన్నం, కాస్త కారప్పొడి. అది ఇమిడిందా, బీరకాయ. అది ఇమిడిందా, ఇంకోటి. ఒకటి ఇమిడాకే ఇంకోటి. తొందరపడితే బిడ్డకి విరోచనాలు."

"చూశారా మాస్టారూ? మీ ఇంట్లోనే డాక్టరుంటే బస్సెక్కి ఇంత దూరం వచ్చారు. జొన్నన్నం, పెసరపప్పు, సొరకాయ. మెత్తగా ఉడకబెట్టండి. ఉప్పూ కారం వద్దు. వేరే ఏదీ నోట్లో పడకూడదు. ఒళ్ళు బాగుపడ్డాక వారానికొక్కటి, మాంసం ఒక వారం, గుడ్డు ఒక వారం, పెట్టి చూసుకోండి. ఏది పెడితే గోక్కుంటాడో అదే దొంగ." ఆగి అడిగారు. "ఇంకేమన్నా పెడుతున్నారా? దాచకుండా చెప్పండి."

అందరూ లేదన్నారు. ఆదెమ్మ కూడా అంది.

"కళ్ళు కనపడనిదాన్ని, నేనేం పెడతానయ్యా."

అది మాత్రం అబద్ధమే. కానీ ఆమె లెక్క ఆమెకుంది. పాలు తిండెలా అవుతుంది? పాలు పాలే. పసిబిడ్డ తాగుతుంది, పుట్టలో పాముకి కూడా పోస్తారు. లోకంలో పాలు పడని ప్రాణి ఎక్కడైనా ఉంటుందా, తను తప్ప?

శాంతయ్య ఇంటికొస్తూనే సుద్దముక్కతో వంటింటి తలుపు మీద గుండ్రంగా రాశాడు: "దొర. జొన్నన్నం, పెసరపప్పు, సొరకాయ. వేరే ఏదీ పెట్టరాదు." చదువు రాని ఆదెమ్మకి, చదవాల్సిన అవసరం లేని దొరకి తప్ప అది అందరికీ హెచ్చరిక. కృపావతి రోజూ చిన్న కుండలో వండేది. ఆ కుండలో ఏముందో ఆదెమ్మ వేలు పెట్టి చూసి, మెత్తబడిందని చెబితేనే దించేది. అంత నిష్ఠగా పథ్యం నడిపిన ఆదెమ్మే సాయంత్రం కాగానే పెరటి గుమ్మంలో కూర్చుని మూకుట్లో గ్లాసు వంచేది.

రెండు వారాలైంది. దొర గోకుడు ఆగలేదు. శాంతయ్య జొన్నల మీద అనుమానపడి కొర్రన్నం వండించాడు. ఆగలేదు. పెసరపప్పు మీద అనుమానపడి కందికట్టు పోయించాడు. ఆగలేదు. మే నెల ఎండలు మండిపోతున్నాయి, జూన్ దగ్గరికొస్తోంది. ఇక మనుషుల మీద అనుమానం మొదలైంది.

"నువ్వే గుడ్డు పెడుతున్నావు" అన్నాడు భార్యతో.

"నా పిల్లల మీద... పిల్లలు లేరు కాబట్టి నా కోళ్ళ మీద ఒట్టు, పెట్టలేదు. మీరే ఎముకలు పడేస్తున్నారు."

"బుల్లిబాబూ, నీ జేబులో బన్ను వాసన వస్తోంది."

"నా బస్సు మీద ఒట్టు బావా! నేను తిన్నాను, వాడికి పెట్టలేదు. నమ్మకపోతే నా పెట్టె సర్దుకుని పోతా."

"పో."

బుల్లిబాబు నిజంగానే పెట్టె తీశాడు. కృపావతి ఏడ్చింది. గోడవతల మంచం మీద ఆదెమ్మ అన్నీ విన్నది. విని, పడుకున్న దొర పొట్ట మీద చెయ్యి వేసింది. కళ్ళు పోయినవాళ్ళకి వేళ్ళే కళ్ళు. ఎక్కడ బొచ్చుంది, ఎక్కడ గరుకుగా ఉంది, ఎక్కడ తడిగా ఉంది అన్నీ ఆమెకి లెక్క. లెక్క రోజురోజుకీ పెరుగుతోంది.

ఆ మర్నాడు రాఘవమ్మగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. గేదె ఒట్టిపోయింది, రెండోది ఈనడానికి ఇంకో పది రోజులు పడుతుంది, అందాకా పాలు లేవు. ఆదెమ్మకి లోపల పండగే.

నాలుగో రోజున వేళ్ళకి తేడా తెలిసింది. తడి లేదు. ఏడో రోజున గరుకు తగ్గింది. రాత్రిళ్ళు తోక తప్ప ఏ చప్పుడూ లేదు. "సొరకాయ మహిమ, లేతది పడాలన్నమాట" అన్నాడు శాంతయ్య. బుల్లిబాబు పెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది. పన్నెండో రోజున గేదె ఈనింది, జున్ను అయిపోయాక మళ్ళీ పాలొచ్చాయి. ఆదెమ్మ మామూలుగా మూకుట్లో వంచింది. రెండో రోజు పొద్దున మువ్వ అదేపనిగా మోగుతుంటే లేచింది. దొర చెవి గోక్కుంటున్నాడు. వేళ్ళు పొట్ట మీదికి పోయాయి. తడి.

ఆదెమ్మ పాలు లేని రోజులు, ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లోకంలో పాలు పడని ప్రాణి ఇంకోటి ఉంది. ఐదేళ్ళుగా తన పక్కనే పడుకుంటోంది.

ఆ సాయంత్రం నుంచి గ్లాసు గుమ్మడిపాదులో వంచింది. పారబోస్తుంటే మనసొప్పలేదు. కొడుకు చెమట అది. కానీ చెప్పడమెలా? పాలు తాగట్లేదని చెప్పాలి, ఐదేళ్ళుగా తాగట్లేదని చెప్పాలి, చర్చిలో అంతమందీ మెచ్చుకున్న త్యాగం ఉత్తదని చెప్పాలి, డాక్టరుగారితో ఆడిన అబద్ధం చెప్పాలి. దారం లాగితే చీరంతా ఊడొచ్చేలా ఉంది. దొర బాగుపడుతున్నాడుగా, చాలు అనుకుంది. గుమ్మడిపాదుకి మాత్రం జగ్గయ్యపేట చీమలన్నీ బారులు కట్టి వచ్చాయి. చిల్లకల్లు నుంచి కూడా కొన్ని బస్సెక్కి వచ్చాయని బుల్లిబాబు అన్నాడు.

జూన్ పద్నాలుగు నాటికి దొర ఒంటి మీద ఒక్క పుండు లేదు. కాస్త చిక్కాడంతే. ఆ సాయంత్రం శాంతయ్య ఉషారుగా ఇంటికొచ్చాడు. ఒక చేతిలో మామూలు చెంబు, రెండో చేతిలో ఇంకో చెంబు.

"ఎల్లుండి హెడ్మాస్టరుగారు వచ్చేసరికి వీడు నిగనిగలాడాలమ్మా. పాపం, ఎన్నాళ్ళని ఆ చప్పిడి మెతుకులు? నీతో పాటు వాడికీ అరసోల పోయించా. పాలకి మించిన మంచి తిండి ఏముంది?"

ఆదెమ్మకి మూకుట్లో పాలు పడుతున్న చప్పుడు వినపడింది. మువ్వ కదిలింది. ఘల్లు, ఘల్లు, మూకుడు వైపు.

"ఒరే, ఆపరా!"

లేచింది. ఎటు అడుగు వెయ్యాలో తెలియలేదు. ఎప్పుడూ దారి చూపించే మువ్వ ఇవాళ వెళ్ళకూడని చోటికి వెళుతోంది. ఆ చప్పుడు వెంటే నాలుగడుగులు దబదబా వేసి కాలితో ఒక్క తన్ను తన్నింది. మూకుడు గోడకి తగిలి పగిలింది. పాలన్నీ శాంతయ్య పంచె మీద పడ్డాయి.

"అమ్మా! ఏంటిది?"

"అవి వాడికి పడవురా. వాడి రోగం అదే. ఐదేళ్ళ నుంచీ నా గ్లాసులో పాలు తాగుతున్నది వాడే."

వంటింట్లోంచి కృపావతి గరిటెతో సహా వచ్చింది. బుల్లిబాబు స్నానం మధ్యలో వచ్చాడు.

"మరి నువ్వు?" అన్నాడు శాంతయ్య.

"మొదటి రోజు తప్ప నేను చుక్క ముట్టలేదు. నాకు ఆ వాసన పడదు."

"లెంటులో మానేశానన్నావు కదమ్మా!"

"మానేశా. వాడికి పొయ్యడం మానేశా."

ముందు బుల్లిబాబే తట్టుకోలేకపోయాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు.

"అయితే బావా, నలభై రోజులు నిజంగా పాలు మానేసింది దొర. పాస్టరుగారు పొగిడింది వీణ్ణన్నమాట!"

శాంతయ్య నవ్వలేదు. తడిసిన పంచెతోనే గుమ్మంలో కూర్చున్నాడు.

"ఒక్క మాట చెబితే ఏం పోయేదమ్మా?"

"ఏమని చెప్పనురా? మొదటి జీతం నాడు చెంబు పట్టుకుని రాఘవమ్మగారి గుమ్మంలో నిలబడి, 'మా అమ్మకి పాలు కావాలండి' అన్నావంట. ఆ ఇంటి సావిట్లో పేడ తీసినదాని కొడుకువి. ఆ సంగతి ఆవిడే నాకు చెప్పింది. రోజూ సాయంత్రం నేను ఆ మాట తాగాను. పాలు వాడికి పోశాను."

శాంతయ్య తల వంచుకుని పంచె పిండాడు. తర్వాత తలెత్తాడు.

"సరే. ఇంతకీ నీకు ఏది ఇష్టం?"

ఆదెమ్మ బిత్తరపోయింది. అరవై ఏళ్ళు దాటిన ఆమెని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. పురుళ్ళకి పథ్యం చెప్పింది, కుక్కకి పథ్యం చెప్పింది, తనకేం కావాలో చెప్పడానికి మాత్రం తడుముకోవాల్సి వచ్చింది.

"జొన్నగటక. రాత్రిది, చల్లగా. ఒక ఉల్లిపాయ."

"అంటే దొర తిండే" అంది కృపావతి.

"ఉప్పు వేసుకుంటానే" అంది ఆదెమ్మ పౌరుషంగా.

పదహారో తారీఖు పొద్దున వరప్రసాదరావుగారు కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చారు. చెవులు చూశారు, పొట్ట చూశారు, పంజాలు చూడబోతే దొర షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆయన మొహం మీద బరువు దిగిపోయింది.

"బ్రహ్మాండంగా ఉన్నాడే! ఏం మందు వాడారు మాస్టారూ?"

"మందేం లేదండి. పాలు మానేశాడు."

"వీడు కూడానా!" అన్నారు హెడ్మాస్టరుగారు, లెంటులో విన్న ప్రసంగం గుర్తొచ్చి. "ఇల్లంతా భక్తిపరులేనయ్యా."

ఆదెమ్మ ముసుగు లాక్కోలేదు ఈసారి. "ఆ సంగతి ఆదివారం నేనే లేచి చెబుతానయ్యా" అంది.

అంతకంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ సాయంత్రం చెంబు తీసుకుని కొడుకు బయల్దేరబోతే ఆపింది.

"నేను వెళ్తా. మొదలుపెట్టింది నీ నోటితో, ఆపేది నా నోటితో."

మువ్వ మోగింది. వీధి దాటింది, బజారు దాటింది, సోడా కొట్టు దగ్గర ఒకసారి ఆగి మళ్ళీ మోగింది. ఆదెమ్మ ఎప్పుడొచ్చినా పెరటి వైపే కాబట్టి, అలవాటు కొద్దీ దొర రాఘవమ్మగారి పెరటి దారి వైపు తిరగబోయాడు. ఆదెమ్మ కదల్లేదు. వాడు వెనక్కొచ్చి, కాసేపు ఆలోచించి, వీధి గుమ్మం వైపు నడిచాడు.

రాఘవమ్మగారు అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు.

"ఏం ఆదెమ్మా, నువ్వే వచ్చావు?"

"రేపట్నుంచి పాలు వద్దండి. అబ్బాయి మీద కోపం తెచ్చుకోకండి. తప్పు నాది. నాకు పడవు. ఐదేళ్ళూ వీడికి పోశా, వీడికీ పడలేదు."

రాఘవమ్మగారు ఒక్క క్షణం కత్తిపీట మీద చెయ్యి ఆపారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఎవరితోనూ అనకు. ఇప్పుడు రెండే కానీ, నలభై ఏళ్ళ కిందట ఎనిమిది గేదెల ఇంట్లో పడ్డా. నాకూ ఆ వాసన పడదు. మా అత్తగారు పోయేదాకా రోజూ గ్లాసెడు ఇచ్చేది."

"మరి ఏం చేసేవారండీ?"

"సావిట్లోకి వచ్చి నీ పేడగంప పక్కన కుడితి గోలెంలో పోసేదాన్ని. నువ్వు చూస్తావేమోనని ఎంత భయపడేదాన్నో!"

అరుగు మీద ఒకరు, కింద ఒకరు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత రాఘవమ్మగారు అరుగు మీద గింజలు పక్కకి జరిపి, "కూర్చో" అన్నారు. ఆదెమ్మకి ఆవిడ మొహం కనపడలేదు, జరిపిన చోటు కనపడలేదు. మువ్వ రెండుసార్లు మోగి అక్కడే ఆగింది. ఆదెమ్మ చేత్తో తడిమి చూసుకుని, దాని పక్కనే కూర్చుంది.